ఎముకకు వార్ధక్యము

వరంగల్లు నుండి తొర్రూరు మీదుగా ఖమ్మము పోవు బాటలో దంతాలపల్లి అను ఊరు కలదు. 2016వ సంవత్సరమున జిల్లాలను పునర్విభజించినప్పుడు నరసింహులపేట మండలము నుండి విడివడి, అది తానే ఒక మండల కేంద్రమై మహబూబాబాదు జిల్లాలో చేరినది. వరి, పత్తి, మిరప అచటి పంటలు. నాటు వేయుట, కలుపు తీయుట, పత్తి ఏరుట, మిరపకాయ కోయుట ఇవి యన్నియు నడుము వంచి చేయు పనులే. చేయువారిలో ఎక్కువమంది స్త్రీలే. గ్రామస్థుల కార్యక్రమము కొరకు శబ్దగ్రహణ యంత్రముతో ఆ ప్రాంతమునకు వెళ్ళినప్పుడు ఒక ఇంటి అరుగుమీద మాకొక ప్రశ్న ఎదురైనది. దానికి జవాబు చెప్పుటకే నేటి మా ప్రసంగము.

ఆ ఇంటి అవ్వకు డెబ్బది యేండ్లు దాటినవి. నీళ్ళతొట్టి వద్ద తడిబండపై కాలు జారి పడగా ముంచేతి ఎముక విరిగినది. అదే మాసమున ఆమె మనుమడు, తొమ్మిదేండ్లవాడు, వేపచెట్టు మీదినుండి పడి తన ముంచేయి విరుగగొట్టుకొన్నాడు. ఇద్దరికిని ఒకచోటనే కట్టు కట్టించినారు. ఆరు వారములకు పిల్లవాడు కట్టు విప్పించుకొని మరల చెట్టెక్కినాడు. అవ్వ చేయి నాలుగవ మాసము వచ్చినను అతుకలేదు. చెంబు ఎత్తబోయిన నొప్పి.

“పోరనిది నెలన్నరకు అతికింది. నాది గదే కట్టు, గవే గోలీలు. నాదెందుకు అతకలే బిడ్డా?” అని ఆమె మమ్ము అడిగినది.

ఆమె కుమారుడు ఇంకొక మాట చెప్పినాడు. పట్టణములో ఒకచోట ‘స్టెమ్ సెల్’ సూది వేయుదురనియు, దానితో ముసలి ఎముక పడుచు ఎముక యగుననియు ఎవరో అతనికి చెప్పినారట. ఖర్చు లక్షలలో నున్నది. ఉన్న రెండెకరాల చెలకలో ఇరువది గుంటలు అమ్మవలెనా, వలదా యని అతడు తర్కించుకొనుచున్నాడు.

అవ్వ అడిగినది శాస్త్రమునకు సంబంధించిన ప్రశ్న. కుమారుడు అడిగినది ఒక కుటుంబపు భూమికి సంబంధించిన ప్రశ్న. మొదటిది తెలిసిననే గాని రెండవదానికి జవాబు తోచదు. మేము వైద్యులము కాము. వైద్యులును శాస్త్రజ్ఞులును నిర్ధారించిన విషయములను కూర్చి శ్రోతల ముందుంచుట మా పని.

మొదట ఎముక యనగా నేమో చూతము. ఇంటికి దూలమువలె శరీరమునకు ఎముక ఒక ఆధారమనియు, ఒకసారి పెరిగిన పిమ్మట అది కదలక మెదలక యుండు జడపదార్థమనియు చాలమంది భావింతురు. ఇది పొరపాటు. ఎముక సజీవమైన వస్తువు. దానిలో రక్తము ప్రవహించును. కణములు పుట్టును, పని చేయును, చచ్చును. శరీరములోని కాల్షియములో నూటికి 99 వంతులు ఎముకలలోను, దంతములలోను నిలువయుండును. పెద్దవారిలో అది ఒక కిలోగ్రాము వరకు నుండును. గుండె కొట్టుకొనుటకు, కండ బిగుసుకొనుటకు రక్తములో కొద్ది కాల్షియము ఎల్లప్పుడును కావలెను. ఆహారమున అది చాలనప్పుడు శరీరము ఎముకల గాదె నుండియే తీసుకొనును.

ఎముకయందు రెండు జట్ల కణములు నిత్యము పని చేయుచుండును. ఒక జట్టు పాత ఎముకను కరగించును. రెండవ జట్టు ఆ ఖాళీలో క్రొత్త ఎముకను కట్టును. ఒకచోట కరగించుటకు రెండు మూడు వారములు చాలును. ఆ గుంట పూడ్చి కట్టుటకు మూడు నాలుగు మాసములు పట్టును. ఇట్లు ఏటేట పెద్దవారి ఎముకలలో సుమారు పదవ వంతు మారుచుండును. పడగొట్టుట వేగము, కట్టుట నెమ్మది అను ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. కట్టువారి సంఖ్య కొద్దిగా తగ్గినను లెక్క తారుమారగును.

ఈ కట్టు కణములు ఎక్కడినుండి వచ్చును? అవి చిరకాలము బ్రతుకునవి కావు. కొన్ని తాము కట్టిన ఎముకలోనే చిక్కి అచటనే కాపురముండును; తక్కినవి పని ముగిసి నశించును. కావున ఎప్పటికప్పుడు క్రొత్తవి పుట్టవలెను. వానిని పుట్టించు కణములకే మూలకణములని పేరు. ఆంగ్లమున వీనినే స్టెమ్ సెల్స్ అందురు. మూలకణమునకు రెండు శక్తులు కలవు. తనవంటి కణమును తాను సృజించుకొనగలదు. అవసరమునుబట్టి పనిచేయు కణముగా మారగలదు. ఇంటి విత్తనము వంటిది. కొంత తిండికి పోయినను కొంత విత్తనముగా నిలుచును.

వేటమాంసము వండుకొను ఇండ్లవారికి మూలుగ బొక్క క్రొత్త కాదు. ఆ మూలుగయే మజ్జ. అందు రెండు తెగల మూలకణములున్నవి. ఒక తెగ రక్తమును పుట్టించును. 1961వ సంవత్సరమున కెనడా దేశమునందలి టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగమువలన నిరూపించినారు. రెండవ తెగ ఎముకను, మృదులాస్థిని పుట్టించును. కొవ్వు కణములుగా కూడ మారగలదు. మాస్కోలో ఫ్రీడెన్‌స్టైన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును మజ్జకణములను జంతువుల శరీరములో మరియొక చోట నాటి, అచట క్రొత్త ఎముక మొలచుటను 1960వ దశకము మొదలు చూపుచు వచ్చినారు. మానవుని అస్థి మూలకణమును విడదీసి గుర్తించిన పరిశోధన అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము నుండి 2018లో వెలువడినది. ఎముకను కప్పియుండు పలుచని పొరయందు కూడ ఇట్టి మూలకణములు కలవు. ఎముక విరిగినప్పుడు మొదట మేల్కొనునవి అవియే.

మూలకణమన్న మాట మన తెలుగునాటికి క్రొత్తది కాదు. కంటి నల్లగ్రుడ్డు అంచున కొన్ని మూలకణములుండును. సున్నమో, ఆమ్లమో పడి అవి కాలిపోయినచో చూపు మసకబారును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రోగి యొక్క ఆరోగ్యమైన కంటినుండి రవ్వంత తీసి, ఆ కణములను పెంచి, చెడిన కంటిపై నాటు చికిత్సను 2001 నుండి జరిపినారు. ఎందరికో చూపు వచ్చినది. పెద్దవారి శరీరములో నున్న మూలకణము సరియైన చోట, సరియైన పద్ధతిలో నెంత పని చేయునో దీనివలన తెలియును. అయితే కన్ను వేరు, ఎముక వేరు. ఒకచోట ఫలించినది ఇంకొకచోట ఫలించునని చెప్పుటకు వీలు లేదు.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వత్తము. పుత్తూరు కట్టు పేరు విననివారు తెలుగుదేశమున అరుదు. కట్టు నేర్పరియైనవాడు కట్టినను, శస్త్రవైద్యుడు కట్టినను, కట్టు చేయు పని ఒక్కటే. విరిగిన కొసలను తిన్నగా ఎదురెదురుగా కదలకుండ నిలుపును. అతుకునది శరీరమే. విరిగినచోట మొదట రక్తము గడ్డ కట్టును. మూలకణములు అచటికి చేరి పెక్కులై, ముందు మెత్తని మృదులాస్థి వంతెనను వేయును. పిదప దానిలో ఖనిజములు చేరి అది గట్టి ఎముక యగును. తుదకు కరగించు జట్టు, కట్టు జట్టు కలిసి దానిని చెక్కి పూర్వపు రూపమునకు తెచ్చును. తొమ్మిదేండ్ల బాలునికి మూలకణములు మెండు, అవి చురుకైనవి, ఎముకలు ఎట్లైనను పెరుగుచున్న వయస్సు. అతనికి ఆరు వారములు చాలినవి.

వయస్సు పైబడినకొలది మార్పులు నాలుగు విధముల వచ్చును.

మొదటిది సంఖ్య. ఎముకను పుట్టించు మూలకణములు తగ్గును; ఉన్నవియు వెనుకటివలె త్వరగా రెట్టింపు కావు. మానవ కణములు ప్రయోగశాలలో ఎల్లకాలము విభజింపబడలేవనియు, వానికొక హద్దున్నదనియు అమెరికాలో హేఫ్లిక్ అను శాస్త్రజ్ఞుడు 1961లోనే చూపినాడు.

రెండవది దారి తప్పుట. మజ్జలోని మూలకణము ఎముక కట్టు కణముగానైనను మారవచ్చును, కొవ్వు కణముగానైనను మారవచ్చును గదా. యౌవనమున అది ఎముకవైపు మొగ్గును. వార్ధక్యమున కొవ్వువైపు మొగ్గును. పుట్టిననాడు ఎఱ్ఱగా నుండు మజ్జ వయస్సుతో పసుపువన్నెకు తిరుగుటకు ఇదియొక కారణము. గోడ కట్టవలసిన మేస్త్రి గాదెలో గడ్డి నింపుచు కూర్చున్నట్లగును.

మూడవది విషవాతావరణము. వయస్సు మీరిన కణములు కొన్ని విభజన మానియు చావక నిలిచి, చుట్టుప్రక్కలవారికి వాపు కలిగించు పదార్థములను స్రవించుచుండును. దానివలన ప్రక్కనున్న మంచి కణములు కూడ మందగించును.

నాలుగవది తప్పుడు సందేశము. 2021లో స్టాన్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఎలుకలపై జరిపిన పరిశోధనను ‘నేచర్’ పత్రికలో ప్రకటించినారు. ముసలి ఎలుకల అస్థి మూలకణములు ఎముకను తక్కువగా పుట్టించుటయే కాక, కరగించు జట్టును పిలుచు సంకేతములను ఎక్కువగా పంపుచున్నవని వారు కనుగొన్నారు. పడుచు ఎలుక రక్తమును ఎక్కించినను ఆ మూలకణములు మారలేదు. విరిగిన చోటనే రెండు మందులు కలిపి పెట్టగా, అనగా కట్టుమని చెప్పునది ఒకటి, కరగించు పిలుపును అణచునది ఒకటి, ముసలి ఎలుకల ఎముక పడుచువానివలె అతికినది. ఇది ఆశ గొలుపు విషయమే. కాని అది ఎలుకలలో చేసిన పని. ఎలుక నుండి మనుష్యుని దాక దారి దీర్ఘము. ఆ దారిలో ఆగిపోయిన మందులు పెక్కు.

అవ్వ చేయి ఎందుకు అతుకలేదను ప్రశ్నకు వయస్సొక్కటే జవాబా? కాదు. మన స్త్రీల ఎముకలు వార్ధక్యము రాకముందే బలహీనపడుచున్నవి. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు, పేద కుటుంబములకు చెందిన 30 మొదలు 60 ఏండ్ల వయస్సుగల స్త్రీలను సుమారు 300 మందిని పరీక్షించి, ఆ ఫలితములను 2005లో ప్రకటించినారు. డాక్టరు వీణా శత్రుఘ్న ఆ పరిశోధనకు నాయకురాలు. తుంటి ఎముక మెడవద్ద కొలవగా నలుగురిలో ఒకరికి మించి ఎముకలు గుల్లబారియుండెను. ఇది ముదుసలుల లెక్క కాదు. పనిపాటలు చేసికొనుచున్న స్త్రీల లెక్క.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో పనిచేసిన డాక్టరు హరినారాయణ్, ఆయన సహచరులు 2007లో ప్రకటించిన పరిశోధనలో మరియొక వింత బయటపడినది. ఏడాది పొడవున ఎండ కాయు ఈ సీమలో, పల్లెవారికిని పట్టణమువారికిని గూడ విటమిన్ డి కొరతగా నున్నది. తిండిలో కాల్షియము తక్కువ. దానిని ఒంటబట్టనీయక పట్టియుంచు ఫైటేట్ అను పదార్థము ధాన్యములవలన ఎక్కువ. విత్తనము బలహీనమగుట వయస్సు చేయు పని. నేలలో ఎరువు లేకుండుట మన తిండి చేయు పని. రెండును కలిసినప్పుడు మొలక రాదు.

మూడవ కారణమును సంకోచము లేక చెప్పవలసియున్నది. స్త్రీ అండకోశముల నుండి పుట్టు ఈస్ట్రోజెన్ అను రసము ఎముకను కరగించు జట్టుకు కళ్ళెము వంటిది. ముట్లుడిగిన తరువాత ఆ కళ్ళెము తొలగును. మొదటి అయిదారేండ్లలో కొందరికి ఎముకలో అయిదవ వంతు దాక కరగిపోవును. సహజముగా ఇది యాబది యేండ్ల ప్రాంతమున జరుగవలెను. కాని మన రెండు తెలుగు రాష్ట్రములలో గర్భసంచి తీయించుకొన్న స్త్రీల నిష్పత్తి దేశమునందెల్ల అధికము. 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి ఎనిమిది మందికి పైగా ఆ శస్త్రచికిత్స జరిగినదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెల్పుచున్నది. గర్భసంచితోపాటు అండకోశములను కూడ తీసినచో ముప్పదియైదేండ్లకే ఎముకకు ముసలితనము మొదలగును. తప్పనిసరియైన వ్యాధికి శస్త్రచికిత్స చేయించుకొనవలసినదే. కడుపునొప్పి యనగనే ‘ఎట్లును పిల్లలు కలిగిరి, సంచి తీసివేయుడు’ అనుమాటకు మాత్రము త్వరపడి తలయూపరాదు. మరియొక వైద్యుని అభిప్రాయము అడుగుట స్త్రీకి గల హక్కు.

ఎముక ఎక్కువైనచో మేలనుకొనుటయు సరికాదు. దంతాలపల్లికి పొరుగుననున్న పూర్వపు నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీటివలన కలిగిన బాధ తెలియనివారు లేరు. ఫ్లోరైడు ఎముక కట్టు కణములను మితిమీరి రెచ్చగొట్టును. ఎముక దట్టమగును గాని దాని అల్లిక చెడి పెళుసగును. ఆ నీరు త్రాగు గ్రామములలో బాలుర మోకాళ్ళు లోపలికి వంగుటను, ఎముకలు గుల్లబారుటను గూర్చి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అను వైద్యులు 1973లో ‘లాన్సెట్’ పత్రికలో వ్రాసినారు. కణములను పురికొల్పినంతనే మంచి ఎముక తయారు కాదని ఆ పల్లెలు మనకు బాధతో నేర్పిన పాఠము.

ఈ పాఠముతో కుమారుని ప్రశ్నకు వత్తము. ‘స్టెమ్ సెల్’ సూదితో ముసలి ఎముక పడుచు ఎముక యగునా? నేటి వరకు నిరూపింపబడలేదు. ఆ సూదిలో ఏ కణములున్నవి, ఎన్ని జీవించియున్నవి, ఎముక చేరిన పిమ్మట అవి ఏమగును అను ప్రశ్నలకు అమ్మువారు జవాబు చెప్పరు. ఈ కణములకు 1991లో మెసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని నామకరణము చేసిన ఆర్నాల్డ్ కాప్లాన్ అను శాస్త్రజ్ఞుడే, ఆ పేరు ప్రజలను భ్రమపెట్టుచున్నదనియు, దానిని మార్చవలెననియు 2017లో వ్రాసినాడు. అదే సంవత్సరమున భారత వైద్య పరిశోధన మండలియు, జీవ సాంకేతిక శాఖయు ప్రకటించిన మార్గదర్శక సూత్రములు, నిరూపణ కాని మూలకణ చికిత్సలను ఆమోదము పొందిన పరిశోధనలో భాగముగా మాత్రమే జరుపవలెనని చెప్పుచున్నవి. పరిశోధన యనగా రోగి సమ్మతితో, నైతిక సంఘము అనుమతితో జరుగునది. దానికి రోగివద్ద రుసుము గైకొనరాదు. కావున లక్షలు అడిగిరనగా అది పరిశోధన కాదని తెలిసికొనవలెను.

అంతమాత్రమున అవ్వకు చికిత్స లేదని కాదు. నాలుగు మాసములైనను అతుకని ఎముకను ఎముకల వైద్యునికి చూపి, చిత్రము తీయించవలెను. కొసలు కదలుచున్నచో లోహపు పలక బిగించి, రోగి తుంటి ఎముకనుండి చిన్న తునకలు తీసి విరిగినచోట నింపుట చిరకాలముగా నున్న పద్ధతి. ఆ తునకలలో ఆమె స్వంత మూలకణములే యున్నవి! ఎముక సాంద్రతను కొలిచి, గుల్లదనము తేలినచో కరగించు జట్టును నెమ్మదింపజేయు మందులు, కట్టు జట్టును ప్రేరేపించు మందులు నేడు వైద్యులవద్ద కలవు. ప్రభుత్వపు పెద్ద ఆసుపత్రిలో మొదట అడిగి చూచుటకు ఇరువది గుంటలు అమ్మనక్కరలేదు.

ఇక అవ్వ ప్రక్కన నిలిచి అంతయు వినుచున్న కోడలికి రెండు మాటలు. ఆమెకు నలుబదియైదేండ్లుండును. మేము అందరికంటె ఎక్కువగా మాటలాడవలసినది ఆమెతోనే. ఎముకల నిధి ముప్పది యేండ్ల లోపల నిండును, తరువాత కాపాడుకొనుటయే. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. పళ్ళెమునిండ వరియన్నము తిన్నను అందులో అది అత్యల్పము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు కలదు. నువ్వులలో అంతకు మూడింతలకు పైబడి యుండును. మునగాకు, తోటకూర, పెరుగు, మజ్జిగ మన పెరటిలోను, దొడ్డిలోను దొరకునవే. పాలన్నియు కేంద్రమునకు పోసి, ఇంటి ఆడువారు నల్లటి తేనీరు త్రాగుట పొదుపు కాదు.

ఎండయు కావలెను. మన సీమలో పగలు పదునొకండు మొదలు రెండు గంటల వరకు గల యెండలోనే చర్మము విటమిన్ డి తయారుచేయునని తిరుపతి పరిశోధకులు చూపినారు. వడగాలుల దినములు తప్పించి, ముంజేతులకు, కాళ్ళకు కొంతసేపు ఆ యెండ తగులనీయవలెను. బరువు మోయు ఎముక బలపడును, మోయని ఎముక క్షీణించును అను నియమమును జర్మను వైద్యుడు వోల్ఫ్ 1892లోనే చెప్పినాడు. భారరహితమైన అంతరిక్షములో నుండు వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు నూటికి ఒక వంతుకు మించి తగ్గుట దీనికి సాక్ష్యము. నడక, కదలిక మూలకణములను కొవ్వువైపు పోనీయక ఎముకవైపు త్రిప్పునని జంతువులపై ప్రయోగములు తెల్పుచున్నవి. కావున ముసలివారిని ‘మంచము దిగకు’ అని కూర్చుండబెట్టుట ప్రేమ కాదు. పొగాకు, చుట్ట ఎముకకు శత్రువులు. అన్నిటికంటె చౌకయైన మందు మరియొకటి కలదు. నీళ్ళతొట్టి వద్ద నాచు గీకి, గరుకు రాయి పరచి, రాత్రి దారిలో దీపముంచినచో సగము విరుగుళ్ళు తప్పకపోయినను కొన్నియైన తప్పును.

అవ్వా, నీ చేయి అతుకకుండుట నీ తప్పు కాదు. కట్టు తప్పని కూడ మేము చెప్పజాలము. డెబ్బదియేండ్లుగా నీ ఎముకలలో పనిచేసిన కణములు అలసినవి. వానికి నీవు ఇచ్చిన తిండి తక్కువ, తీసికొన్న పని ఎక్కువ. అలసినవే గాని అవి చావలేదు. సరిగా నిలిపి, తగిన బలమిచ్చినచో ఆలస్యముగానైనను అవి అతుకగలవు. నీ చెలక అట్లే యుండనిమ్ము. దానిలో ఒక మూల రాగులు, గట్టుమీద నువ్వులు చల్లుమని కోడలికి చెప్పుము.